కదలని బండి

మెంఫిస్ పొలిమేరల్లో పెట్రోలు పోయించుకోవడానికి బండి ఆపినప్పుడు లోకేష్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. బెంటన్‌విల్‌లో వాళ్ళు అద్దెకు దిగాల్సిన ఇల్లు అతనిదే.

"అన్నా, ఏమనుకోకుండ్రి," అన్నాడు లోకేష్. "మీకు ఇల్లు ఇయ్యలేను."

దైవాశీర్వాదం డ్రైవర్ సీట్లో బిగుసుకుపోయాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. వెనకాల కూర్చున్న భార్య లూసీ, తల్లి కరుణమ్మ, పిల్లలు ఎలీనా, ఎవాన్ అందరూ విన్నారు.

"అదేంటి లోకేష్! మేం ఆల్రెడీ మెంఫిస్ వచ్చేశాం."

"తెల్సన్నా. కానీ వదిన కోవిడ్ వార్డ్‌ల డ్యూటీకి జాయిన్ అయితున్నదని మాకు మొన్ననే తెల్సింది. మా అత్తామామలు పక్క వీధిలనే ఉంటరు. స్ట్రీట్‌ల అంతా మనోళ్ళే, వాట్సాప్ గ్రూప్‌ల ఒకటే డిస్కషన్. నా మీద చాలా ప్రెషర్ ఉన్నది. అడ్వాన్స్ రిటర్న్ చేసేస్త. మీరు వెనక్కి పొండ్రి, అదే సేఫ్."

లూసీ ముందుకు వంగి భర్త చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"లోకేష్ గారూ, ఇల్లు మీది, ఇవ్వకపోవడం మీ ఇష్టం. మేం వెనక్కి వెళ్ళాలా ముందుకు వెళ్ళాలా అన్నది మాత్రం మీరు చెప్పకండి," అని పెట్టేసింది.

అది రెండువేల ఇరవై జూన్ నెల. లూసీ గుంటూరులో మిషన్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్లో చదువుకుంది. అమెరికా వచ్చాక మళ్ళీ పరీక్షలు రాసి నర్సు అయింది. ఇంతకాలం వాళ్ళు కాపురమున్న అల్ఫారెట్టాలో దైవాశీర్వాదం కాంట్రాక్ట్ ముగిసిపోయింది, కొత్త కాంట్రాక్ట్ బెంటన్‌విల్‌లో దొరికింది. అక్కడికి దగ్గర్లోనే ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుల కోసం ఎదురుచూస్తున్నారు. కోళ్ళ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జబ్బుపడి చేరుతున్నారని, కోవిడ్ వార్డుకి మనుషులు చాలడం లేదని వాళ్ళు ముందే చెప్పారు. లూసీ సరే అంది.

హోటళ్ళలో దిగడానికి భయం, ఎందుకంటే కరుణమ్మకి ఉబ్బసం. ఆమె జనవరిలో కొడుకుని చూడ్డానికి రేపల్లె నుంచి వచ్చింది. విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే ఉండిపోయింది. అందుకే దైవాశీర్వాదం ఒక రిటైరైన జంట దగ్గర పాత ఆర్.వి. కొన్నాడు. చిన్న వంటగది, చిన్న బాత్‌రూమ్, మడిచే మంచాలు ఉన్న పొడవాటి బండి. తమ కారుని దాని వెనక తగిలించుకున్నారు. దారిలో రెండు రోజులు అందులో ఉండి, ఊరు చేరాక అమ్మేద్దామనుకున్నాడు.

"రాధారాణి ఆంటీ వాళ్ళ బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది," అన్నాడు దైవాశీర్వాదం. రాధారాణి అల్ఫారెట్టాలో వాళ్ళ తెలుగు చర్చిలో పెద్దదిక్కు. "వెనక్కెళ్ళి కొన్నాళ్ళు ఉందాం. నా జాబ్ ఎలాగూ ఇప్పుడు రిమోటే, ఎక్కణ్ణుంచైనా చెయ్యొచ్చు."

"నా జాబ్ రిమోట్ కాదుగా," అంది లూసీ. "సోమవారం డ్యూటీ ఎక్కాలి."

"ఉండటానికి ఇల్లేదీ?"

లూసీ బండిని ఒకసారి కలయజూసింది. "ఇదేంటి మరి?"

కరుణమ్మ ఉలిక్కిపడింది. "బండిలో కాపురమా? ఏంది ఆ మాట! నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"ఆ నలుగురేగా అత్తయ్యా, ఇల్లు ఇవ్వనంది."

కరుణమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆమె రేపల్లెలో మిషన్ బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైంది. కొడుక్కి టీచర్ పిల్లని చేసుకోవాలని ఆమె కోరిక. నర్సు పిల్లని చూశానని కొడుకు చెప్పినప్పుడు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. కరోనా మొదలైన కొత్తల్లో, "ఉద్యోగం మానెయ్, పిల్లల మొహం చూడు," అని లూసీతో గొడవపడింది కూడా. లూసీ మానలేదు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడుస్తున్నాయి.

బండి ముందుకే కదిలింది.

దారి పొడుగునా దైవాశీర్వాదం బెంటన్‌విల్‌లో తెలిసినవాళ్ళకీ, అపార్ట్‌మెంట్ ఆఫీసులకీ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. కొన్నిచోట్ల ఎవరూ ఎత్తలేదు. కొందరు ఎంతో ఆప్యాయంగా మాట్లాడి, లూసీ ఉద్యోగం మాట రాగానే మళ్ళీ చేస్తామన్నారు. ఒక్కరూ చేయలేదు.

ఊరికి కాస్త దూరంలో, లేక్ ఒడ్డున ఒక ఆర్.వి. పార్క్ కనిపించింది. ఇలాంటి బళ్ళు నిలుపుకుని, కరెంటూ నీళ్ళూ తగిలించుకుని నెలల తరబడి ఉండే స్థలం అది. దాని యజమానురాలు వాండా, డెబ్భై ఏళ్ళ మనిషి, చేతికర్రతో గేటు దగ్గరికి వచ్చింది.

"హాస్పిటల్ సంగతి ఇప్పుడెందుకు?" అని దైవాశీర్వాదం తెలుగులో గొణిగాడు.

లూసీ వినిపించుకోలేదు. తను నర్సుననీ, పని చేసేది కోవిడ్ వార్డులోననీ, ఇంట్లోవాళ్ళకి దూరంగా టెంట్‌లో పడుకుంటాననీ వాండాకి చెప్పేసింది. "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఒకసారి లోపలికి వచ్చాక మాత్రం పంపించొద్దు," అంది.

వాండా కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు ఆలోచించింది. "చివర్న, చెత్తడబ్బాల పక్కన ఒక చోటుంది. వాసన వస్తుంది. మీకు ఫరవాలేదా?"

"వార్డులో వాసన కంటే నయమే," అంది లూసీ.

అలా కాపురం మొదలైంది. దైవాశీర్వాదం తిండి బల్ల మీదే లాప్‌టాప్ పెట్టుకుని మీటింగులు నడిపేవాడు. వెనకాల కుక్కర్ కూత పెడితే అవతలి వాళ్ళు ఫైర్ అలారమ్ అనుకునేవారు. ఎలీనాకి పదిహేనేళ్ళు. తనకంటూ ఒక గది లేదని మొదట్లో ఏడ్చింది. తర్వాత పై మంచానికి దుప్పటి అడ్డం కట్టుకుని, అడగకుండా లోపలికి రావద్దని కాగితం అంటించింది. బాత్‌రూమ్ మురుగుట్యాంకు ఖాళీ చేసే గొట్టం మొదటిసారి బిగించినప్పుడు ఊడిపోయి దైవాశీర్వాదం నిలువునా తడిసిపోయాడు. ఆ రోజు కరుణమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

లూసీ మాత్రం ఆ బండి గడప తొక్కలేదు. తెల్లవారగానే కారులో వెళ్ళిపోయేది, పొద్దుగూకే వేళకి వచ్చేది. చెట్టుకి కట్టిన టార్పాలిన్ మరుగున బట్టలు మార్చుకుని, అక్కడే స్నానం చేసి, టెంట్‌లోకి వెళ్ళేది. కరుణమ్మ కంచం తెచ్చి మధ్యలో ఒక స్టూలు మీద పెట్టి వెనక్కి జరిగేది. ఎవాన్‌కి ఎనిమిదేళ్ళు. టెంట్‌కి ఇవతల గడ్డిలో కూర్చుని తల్లితో కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు తెలియకుండా పరిగెత్తుకొచ్చి మీద పడబోతే లూసీ పెద్దగా అరిచింది. వాడు బిక్కచచ్చి ఆగిపోయాడు. తర్వాత టెంట్‌లో లూసీ ఏడుస్తుంటే గిన్నెలు కడుగుతున్న కరుణమ్మ విన్నది. మర్నాడు చేపల పులుసు పెట్టి, మంచి ముక్కలన్నీ కోడలి కంచంలోనే వేసింది.

జూలై మధ్యలో పార్కులో గుసగుసలు మొదలయ్యాయి. ఎదురు వరసలో రాయ్ అనే మాజీ ట్రక్ డ్రైవర్ ఉంటాడు. లూసీ హాస్పిటల్ యూనిఫామ్ చూసి వాండాని అడిగి అసలు సంగతి తెలుసుకున్నాడు. ఒకరోజు సాయంత్రం, ఇంకా ఎండ తగ్గకముందే, ఓ పదిమంది వచ్చి ఆర్.వి. ముందు దూరదూరంగా నిలబడ్డారు. వాండా కూడా వచ్చింది. ఎటువైపు నిలబడాలో తెలియనట్టు మధ్యలో ఆగింది.

"మీ మీద మాకు కోపం లేదు," అన్నాడు రాయ్. "నా భార్యకి కాన్సర్ ట్రీట్‌మెంట్ అయ్యి ఎన్నాళ్ళో కాలేదు. ఆమెకేమన్నా అయితే నేను బతకలేను. ఆదివారంలోపు మీరు వేరే చోటు చూసుకోండి."

దైవాశీర్వాదం మెత్తటి మనిషి. ఆఫీసులో కూడా గొంతు పెంచి ఎరగడు. అప్పటికే తలూపుతున్నాడు. "ఓకే, ఓకే... ఐ అండర్‌స్టాండ్... మేం ఏదో ఒకటి చూస్తాం..."

"ఏమంటన్నారే?" అని కరుణమ్మ మనవరాలిని అడిగింది.

"మనం వెళ్ళిపోవాలి అంట నానమ్మా. సండే లోపల." ఎలీనా నానమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మ హాస్పిటల్ నుంచి వైరస్ తెస్తుంది అని వాళ్ళు భయపడుతున్నారు."

కరుణమ్మ బండిలోంచి మడత కుర్చీ తీసుకుని దిగింది. మెట్ల ముందు వేసుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. మాస్కు సరిచేసుకుంది.

"ఎలీనా, ఇట్టా రా. నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పు. తగ్గించొద్దు, పెంచొద్దు."

"అమ్మా, ఎందుకే గొడవ..." అన్నాడు దైవాశీర్వాదం.

"నువ్వుండరా." ఆమె రాయ్ వైపు చూసింది. "అయ్యా, నీకు భయంగా ఉందన్నావు. నాకూ భయమే. నాకు ఉబ్బసం. ఆ జబ్బు ఇక్కడికి వస్తే నీ భార్య కన్నా ముందు పోయేది నేనే. నా కొడుకు, నా మనవలు ఈ బండిలోనే ఉన్నారు. మా ప్రాణాలు మాకు తీపి కాదా?"

ఎలీనా చెప్పింది. జనం కదల్లేదు.

"ఆ పిల్ల మీకన్నా మాకే ఎక్కువ భయపడతంది. అందుకే ఇక్కడికొచ్చినకాడ్నించి కన్నకొడుకుని ముట్టుకోలా. పురుగూపుట్రా తిరిగే చోట ఆ గుడ్డ డేరాలో పడుకుంటంది. పొద్దస్తమానం ఎవరికి ఊపిరి పోస్తంది? మీ ఊరోళ్ళకే. రేపు మీ ఇంట్లో మనిషికి ఊపిరాడకపోతే మీరు పరిగెత్తేది ఆ పిల్ల దగ్గరికే. అక్కడ ఆమె చేతులు కావాలి, ఇక్కడ ఆమె నీడ పనికిరాదా? మేం ఎవురి ఇంట్లోనూ జొరబడలా. మా బండిలో మేం ఉన్నాం. మేం పోం."

"వియ్ ఆర్ నాట్ లీవింగ్," అంది ఎలీనా. నానమ్మ ఆ మాట ఒక్కసారే అన్నది. ఎలీనా మాత్రం గొంతు పెంచి రెండోసారి కూడా చెప్పింది.

దైవాశీర్వాదం తల్లి వంకా కూతురి వంకా చూశాడు. జేబులోంచి బండి తాళం తీసి తల్లి చేతిలో పెట్టి, ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాడు.

అప్పుడే లూసీ కారు వచ్చింది. జనాన్ని చూసి ఆమె దూరంగానే ఆపి దిగింది. రోజంతా మాస్కు ఒత్తుకుని బుగ్గల మీద ఎర్రటి చారలు పడ్డాయి. ఎలీనా కేకేసి జరిగింది చెప్పింది.

"రాయ్, మీ భయం అనవసరమని నేననను," అంది లూసీ. "మీ ఆవిడ జాగ్రత్తగానే ఉండాలి. నేను ఎక్కడ బట్టలు మారుస్తానో, ఎక్కడ కడుక్కుంటానో వచ్చి చూడండి. మీకు ఎంత దూరంలో తిరగాలో చెప్పండి, అంతే దూరంలో తిరుగుతాను. ఏదడిగినా చెప్తాను. వెళ్ళమంటే మాత్రం వెళ్ళను. ఇప్పటికే ఒక ఇంట్లోంచి అడుగు పెట్టకముందే గెంటేశారు. రెండోసారి పడను."

వెనకనుంచి ఒకావిడ ముందుకొచ్చింది. పేరు షెరీ. లాండ్రీ గదిలో కనిపించినా ఎప్పుడూ పలకరించని మనిషి.

"మా అన్నయ్య మీ వార్డులోనే ఉన్నాడు," అంది. "ఎలా ఉన్నాడో చెప్పగలరా? లోపలికి రానివ్వడం లేదు."

లూసీ తల అడ్డంగా ఊపింది. "పేషెంట్ల గురించి బయట చెప్పకూడదు. కానీ మీరు వార్డుకి ఫోన్ చేయండి. మాట్లాడాలని అడగండి. నేను డ్యూటీలో ఉంటే ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకుని నిలబడతాను. మీరు ఎంతసేపు మాట్లాడితే అంతసేపు."

షెరీ అక్కడే నిలబడి ఏడ్చింది. దగ్గరికి వెళ్ళి పట్టుకోవడానికి ఎవరికీ వీల్లేదు. ఒక్కొక్కరే వెనక్కి మళ్ళారు. వాండా కర్రతో నేల తాటించి, "నా పార్కులోంచి ఎవరు వెళ్ళాలో నేను చెప్తాను," అంది. "వీళ్ళు ఉంటారు."

రాయ్ మారలేదు. రెండ్రోజుల్లో తన బండి కట్టుకుని భార్యతో వెళ్ళిపోయాడు. వాళ్ళతో పాటు ఇంకో కుటుంబం కూడా వెళ్ళింది. వెళ్ళేటప్పుడు రాయ్ భార్య కిటికీలోంచి చెయ్యి ఊపింది. లూసీ కూడా ఊపింది. ఖాళీ అయిన రాయ్ స్థలంలోకి మారమంది వాండా. అక్కడినుంచి లేక్ కనిపిస్తుంది. తన షెడ్డులో పడున్న, లోపల పడక ఉన్న పాత చిన్న ట్రైలర్ ఒకటి లాగించి వాళ్ళ బండి పక్కనే పెట్టించింది. "టెంట్‌లో పడుకుని నువ్వే జబ్బుపడితే వార్డులో ఎవరు చూస్తారు?" అని లూసీని కసిరింది.

ఆగస్టులో లోకేష్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఇల్లు ఖాళీగానే ఉంది, అద్దెకి ఎవరూ రాలేదు. "గ్రూప్‌ల ఇప్పుడు ఎవ్వలేమంటలేరన్నా. వచ్చేయుండ్రి. వదినకి సారీ చెప్పిన్నని చెప్పు."

దైవాశీర్వాదం లూసీ వైపు చూశాడు. అతనికి వెళ్ళాలనే ఉంది. నడుం చాపుకోవడానికి గది, మీటింగ్‌లకి తలుపున్న చోటు, అన్నీ అక్కడున్నాయి.

"మీ ఇష్టం అనను," అంది లూసీ. "నాకు ఇష్టం లేదు."

"నాకూ లేదు," అంది కరుణమ్మ. ఎలీనా దుప్పటి తెర వెనకనుంచి, "మీ నీదర్," అంటూ తనకీ ఇష్టం లేదని అరిచింది.

దైవాశీర్వాదం ఫోన్‌లోకి నవ్వాడు. "లోకేష్, మా ఇంట్లో ఓటింగ్ అయిపోయింది. ఇంకెవరికైనా ఇచ్చుకో. నర్సులెవరైనా అడిగితే ఈసారి కాదనకు."

షెరీ రోజూ వార్డుకి ఫోన్ చేసింది. లూసీ ఉన్నరోజుల్లో లూసీ, లేనప్పుడు ఇంకొకరు, ఆ ఫోన్ పట్టుకున్నారు. చిన్నప్పుడు చేపలు పట్టిన కబుర్లు, ఊరివాళ్ళ కబుర్లు చెప్పుకుంటూ పోయేది ఆవిడ. సెప్టెంబరు మొదట్లో వాళ్ళన్నయ్య పోయాడు. తర్వాత కొన్ని వారాలు షెరీ లూసీని చూసి కూడా తల తిప్పుకుని వెళ్ళిపోయింది. బతికించలేదన్న కోపం కాబోలు అనుకుని లూసీ ఊరుకుంది.

ఒకనాటి మధ్యాహ్నం ఆవిడ కరుణమ్మ కుర్చీ దగ్గరికి వచ్చింది. ఎలీనాని పిలిచి చెప్పించింది. అన్నయ్యకి సరైన అంత్యక్రియలు జరగలేదు, బంధువులెవరూ రాలేకపోయారు. శనివారం లేక్ ఒడ్డున నలుగురూ నిలబడి ప్రార్థన చేస్తారు. ఆదివారాలు ఈ బండిలోంచి పెద్దావిడ పాట వినిపిస్తుంది. ఆ భాష తనకి రాకపోయినా ఆ గొంతు కావాలి.

అల్ఫారెట్టా చర్చి ఆరాధన ప్రతి ఆదివారం జూమ్‌లో జరుగుతుంది. కరుణమ్మ మ్యూట్ చేయకుండా పాడేసేది. ఆ పాట పార్కంతా వింటోందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

శనివారం ఆమె తెల్లచీర కట్టుకుని నీళ్ళ ఒడ్డున నిలబడి పాడింది. ఉబ్బసంతో మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు. అందరికీ దూరంగా, ట్రైలర్ పక్కన నిలబడి లూసీ చేతులు కట్టుకుని వింది. పాట అయ్యాక కరుణమ్మ జనం మధ్యనుంచి గట్టిగా తెలుగులో అంది, "లూసమ్మా, ఆయన్ని ఆఖరిదాకా చూసుకుంది నువ్వు. నువ్వూ ఒక మాట ప్రార్థన చెయ్." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె కోడలి పేరుకి అమ్మా అని కలిపి పిలవడం అదే మొదలు. లూసీ ఉన్నచోటే తలొంచుకుని ప్రార్థన చేసింది. సగంలోనే ఆమేన్ అంది.

చలికాలం వచ్చింది. ఫిబ్రవరిలో పడిన మంచుకి నీళ్ళ గొట్టాలు గడ్డకట్టాయి. దైవాశీర్వాదం ఎలీనా హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని గొట్టాల వెంబడి పాకుతూ తిరిగాడు. అప్పటికి లూసీకి రెండు డోసుల వాక్సిన్ అయ్యింది. వార్డులో పడకలు నెమ్మదిగా ఖాళీ అవుతున్నాయి. మంచు కరిగిన మొదటి ఆదివారం ఆమె ఆర్.వి. మెట్లెక్కి లోపలికి వచ్చింది. ఎవాన్ దగ్గరికి రాకుండా బాత్‌రూమ్ తలుపు దగ్గర ఆగిపోయాడు. రావచ్చో లేదో వాడికి తెలియలేదు. లూసీ మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. వాడు ఒక్క దూకు దూకాడు. ఆ ఊపుకి ఇద్దరూ వెనక్కి పడి బల్ల మీది గ్లాసులన్నీ దొర్లిపోయాయి.

కరుణమ్మ గ్లాసులు ఏరి పెట్టి, తన పక్కబట్టలు మడిచి చంకన పెట్టుకుంది.

"ఎక్కడికత్తయ్యా?" అంది లూసీ.

"ఆ చిన్న బండిలోకి. ఇహ నీ మొగుడి గురక నువ్వు విను, నా వంతు అయిపోయింది. దేవుడి దయవల్ల నాకూ ఓ డోసు పడింది."

"విజయవాడ నుంచి అక్క ఫోన్ చేసిందే," అన్నాడు దైవాశీర్వాదం. "ఫ్లైట్లు తిరుగుతున్నాయంట, ఎప్పుడొస్తావని అడుగుతోంది. ఇంకా బండిలో ఉండటమేంటి, నలుగురిలో పరువు పోతోందంటోంది."

"ఎప్పుడొస్తానో నేను చెప్తానని చెప్పు," అంది కరుణమ్మ మెట్లు దిగుతూ. "నాకు సొంత బండి ఉందని కూడా చెప్పు."